టేపుతో మొదలుపెట్టు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. మీ తమ్ముడు సెంట్రల్ పోలీసులో చేరతానంటున్నాడని, కోచింగ్‌కి డబ్బులు కట్టమని ప్రాణం తీస్తున్నాడని రాశావు. కట్టు, కాదనను. కట్టే ముందు మాత్రం వాణ్ణి గోడకి నిలబెట్టి ఎత్తు కొలువు. నవ్వకురా. మన రాష్ట్ర కానిస్టేబుల్‌కి 167.6 సెంటీమీటర్లు చాలు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాలకి 170 ఉండాలి. ఎస్టీలకైతే 162.5. నేను ఇదే ఉద్యోగానికి తయారయ్యేటప్పుడు మాతో ఉన్నవాడొకడు రోజూ వేపకొమ్మకి వేలాడేవాడు. 169 దగ్గరే ఆగిపోయాడు పాపం. ఛాతీ 80, ఊపిరి బిగబడితే ఇంకో 5 పెరగాలి.

చదువు పదో తరగతి చాలు. వయసు 18 నుంచి 23, ఓబీసీలకి ఇంకో మూడేళ్లు. అయితే మన బీసీ సర్టిఫికెట్ అక్కడ చెల్లదు, సెంట్రల్ ఓబీసీది విడిగా తీసుకోవాలి. మీ కులం కేంద్రం జాబితాలో ఉందో లేదో ముందు చూసుకో.

పరీక్ష కంప్యూటర్ మీదే. గంటలో 80 బిట్లు, 160 మార్కులు. రీజనింగ్, జీకే, లెక్కలు, ఇంగ్లీషో హిందీయో, తలా 20. ఒక తప్పుకి పావు మార్కు పోతుంది. మేము ఇంగ్లీషు పేపరుతో కుస్తీ పట్టాం గానీ, 2024 నుంచి తెలుగులోనూ ఇస్తున్నారు. ఆ ఇంగ్లీషో హిందీయో సెక్షన్ ఒక్కటే తప్పదు. కాలేజీలో ఎన్‌సీసీ చేశాడన్నావుగా, సీ సర్టిఫికెట్ ఉంటే 5 శాతం, అంటే 8 మార్కులు కలుస్తాయి. చిన్న విషయం కాదు. పరుగుకి మార్కులుండవు, పాసయితే చాలు. కాకపోతే 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో తెమలాలి.

ఇప్పుడు అసలు సంగతి. నా ఉద్యోగం రన్నింగ్‌లో పోయిందని ఊరంతా చెప్పాను, నీకూ అదే చెప్పాను. అబద్ధంరా. 23 నిమిషాల్లోనే పూర్తిచేశా. పోయింది మెడికల్‌లో. డాక్టరు ఒక పుస్తకం తెరిచి, రంగు చుక్కల మధ్య అంకె ఏముందో చదవమన్నాడు. నాకు చుక్కలే కనపడ్డాయి. పేజీ తిప్పాడు. మళ్లీ చుక్కలే. మూడో పేజీకి ఊహించి 'ఎనిమిది' అన్నాను. ఆయన తలెత్తకుండానే ఏదో రాసుకున్నాడు. నా కళ్లకి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదట! మళ్లీ చూడమని రివ్యూకి పెట్టుకున్నా, అక్కడా అవే చుక్కలు. మిరపతోటలో పండుకాయలతో పాటు పచ్చివి కూడా తెంపేస్తున్నానని అమ్మ తిట్టేది గుర్తుందా? పనిదొంగ అనుకునేది. అప్పుడైనా అనుమానం రాలేదు ఎవరికీ. రెండేళ్లు, నలభై వేలు పోశాక తెలిసింది. సిగ్గుతో చెప్పలేకపోయాను.

అందుకే వాణ్ణి ముందు కళ్ల డాక్టరుకి చూపించు, రంగుల పరీక్ష కూడా చేయమని నోరు తెరిచి అడుగు. కళ్లద్దాలుంటే కుదరదు. నిటారుగా నిలబడినప్పుడు మోకాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయేమో, తడికాళ్లతో గచ్చు మీద నడిస్తే పాదం అచ్చు మొత్తం పడుతోందేమో, పిక్కల్లో నరాలు ఉబ్బాయేమో నువ్వే చూడొచ్చు. కుడిచేతి మీద హీరో పేరు పచ్చబొట్టు పొడిపించుకుంటానని గొడవ చేసేవాడుగా, ఆ పని చేయలేదు కదా? సెల్యూట్ కొట్టే చెయ్యి అది, ఒప్పుకోరు.

బేసిక్ 21,700తో మొదలు. పోస్టింగ్ కశ్మీరైనా పడొచ్చు, మణిపురైనా పడొచ్చు. పిన్నికి ఆ మాట ఇప్పుడే చెప్పిపెట్టు. తర్వాత ఏడిస్తే నేను ఓదార్చలేను.

శనివారం రాత్రికి ఇద్దరూ వచ్చేయండి. తెల్లారి ఐదింటికి కాలవగట్టు మీద పరిగెత్తించి, ఫోన్‌లో టైము చూద్దాం. టేపు నా దగ్గరుంది. అన్నట్టు, అమ్మ పచ్చడికి పండుమిరపకాయలు తెమ్మంది. మీ తోటలోవి నువ్వే ఏరి పట్టుకురా, నన్ను నమ్మదు.

నీ
రాంబాబు