రాగి తీగ లెక్క

అమ్మడూ,

మొన్న ఫోన్లో నువ్వు "ఐటీఐలో చేరతాను నాన్నా, ఎలక్ట్రీషియన్" అనగానే మీ అమ్మ పొయ్యి దగ్గర నుంచే "ఆడపిల్లకి స్తంభాలెక్కే చదువేటి?" అని అరిచింది. నేనేమీ అనలేదు. ఫోన్లో తేలే మాట కాదని ఇది రాస్తున్నాను.

ముందొకటి అడుగుతాను, నిజం చెప్పు. దసరాకి వచ్చినప్పుడు రాగి తీగ ధర పెరిగిందని నేను మన మోటార్లు చుట్టే కొట్టు బాకీలు లెక్కేసుకుంటుంటే నువ్వు గుమ్మంలో నిలబడి విన్నావు. ఆ లెక్క చూసేనా ఈ మాట? అయితే వద్దు. ప్లస్ త్రీ సైన్సు, అదే బీఎస్సీ, చదువుకో. మన పర్లాకిమిడిలో రాజుగారి కాలేజీ 1896 నాటిది. బరంపురంలోనే ఉంటానన్నా సరే. ఫీజు నేను చూసుకుంటాను.

లేదూ, ఆ పనే ఇష్టమంటావా, అది నాకు కొత్త కాదు. నీకప్పుడు పన్నెండేళ్ళు. నీళ్ళ మోటారొకటి ముట్టుకుంటే బాడీకి కరెంటు కొడుతుంటే గంటసేపు వెతికాను. నువ్వు టెస్టు ల్యాంపు పట్టుకుని పట్టేశావు. చుట్టిన తీగ కాయిలు స్లాటు గాడిలోంచి ఒంగే చోట కరెంటు తగలకుండా పెట్టిన కాగితం చిరిగి, తీగ మీద గోరంత మేర వార్నిష్ రాలిపోయింది. నా కళ్ళకి ఆనలేదు.

ఇరవయ్యారేళ్ళుగా మోటార్లు చుడుతున్నాను. ఒకసారి ఒక మిల్లులో పర్మినెంటు పని చేతిదాకా వచ్చింది. సర్టిఫికెట్టేదన్నారు. లేదు. అంతే, ఇంటికొచ్చేశాను. నీ ట్రేడు రెండేళ్ళే. ఆ సర్టిఫికెట్టు ఒడిశా బోర్డరు దాటి విశాఖలోనూ చెల్లుతుంది. తర్వాత అప్రెంటిస్ చెయ్యొచ్చు, డిప్లొమా రెండో ఏడులో చేరొచ్చు, అక్కణ్ణించి బీటెక్ రెండో ఏడులోకీ పోవచ్చు. దారి చుట్టే గాని మూసుకుపోలేదు. ఒట్టి బీఎస్సీతో సెల్ షాపులో రీఛార్జులు చేసేవాళ్ళు మన వీధిలోనే ముగ్గురున్నారు. ఐటీఐ చేసి ఖాళీగా తిరిగేవాళ్ళూ ఉన్నార్లే.

ఈ వారం ఐటీఐకి వెళ్ళి వర్క్‌షాపు చూసిరా. మోటార్లు పిల్లల చేతే విప్పిస్తారా, బల్ల మీద పెట్టి చూపించి ఊరుకుంటారా కనుక్కో. ఆ ట్రేడులో ఆడపిల్లలుంటే వాళ్ళతో మాట్లాడు. మీ అమ్మ సంగతి నాకొదిలెయ్.

శనివారం గుణుపురం రైలుకి వచ్చేటప్పుడు టెన్త్ సర్టిఫికెట్టు జిరాక్సులు నాలుగు తీయించుకురా. ఎక్కడ చేరినా కావాలి.

మీ నాన్న