32 అంగుళాల టీవీలు 7,800కి ఇచ్చేస్తున్నాను, ఎందుకో కూడా చెప్తాను

అందరికీ నమస్కారం అండి. గంటస్తంభం దగ్గర మన టీవీల కొట్టు తెలిసినవాళ్లకి కొత్తగా చెప్పేదేం లేదు, తెలియనివాళ్లకి ఏటంటే విజయనగరంలో 11 ఏళ్లబట్టీ టీవీలు, మిక్సీలు, ఫ్యాన్లు అమ్ముతున్నాను. మొన్న బయట బోర్డు పెట్టేను, 32 అంగుళాల స్మార్ట్ టీవీ 7,800 అని. పెట్టిన గంటలోనే ఫోన్లు మొదలయ్యేయి. సగం మంది కొందామని చేసేరు, మిగతా సగం మంది "ఏటి బాబూ, ఇంత తక్కువకి ఇస్తన్నావు, అందులో ఏటుంది లొసుగు" అని అడగడానికి చేసేరు. అడిగినోళ్లది తప్పు కాదు, నేనైనా అదే అడుగుతాను. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు, అందుకే ఇక్కడ ఒకేసారి రాసీస్తున్నాను, కాస్త పెద్దదవుతాది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

లొసుగు టీవీలో లేదండి, నా లెక్కలో ఉంది. 2025 ఆగస్టు మొదటి వారంలో డీలర్ ఒక స్కీము చెప్పేడు, 30 పీసులు ఒకేసారి తీసుకుంటే రేటు బాగా వస్తాదని. దసరా, మన పైడితల్లమ్మ సిరిమాను పండగ, దీపావళి వరసగా ఉన్నాయి కదా, ఆమాత్రం పోవా అని తీసీసుకున్నాను. సరిగ్గా ఆ తర్వాత ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని జీఎస్టీ తగ్గిస్తాం అన్నారు, అంతే, కొట్టులోకి వచ్చినోళ్లందరూ "తగ్గేక వస్తాం లెండి" అని వెళ్లిపోవడమే. సెప్టెంబర్ 3న కౌన్సిల్లో నిర్ణయం అయింది, 22 నుంచి అమల్లోకి వచ్చింది, వచ్చేక తెలిసిందేటంటే తగ్గింది 32 కంటే పెద్ద టీవీల మీద. వాటికి 28 శాతం ఉండేది, 18కి దిగింది. 32, అంతకంటే చిన్నవి 2019 జనవరి నుంచీ 18లోనే ఉన్నాయి, వాటికి పైసా తేడా లేదు. ఈ సంగతి ముందే నాకు తెలిసుండాల్సింది, వ్యాపారం చేసేవాణ్ణి కదా, కానీ ఆ స్కీము కాయితం చూసేక బుర్ర పనిచేయలేదు.

దాంతో జరిగిందేటంటే, అంతకుముందు 18,500 ఉన్న మా 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీ 17,000కి వచ్చీసింది, 32 మాత్రం 9,900 దగ్గరే కూర్చుంది. 32 కోసం వచ్చినవాళ్లు 43 కేసి చూసి, ఇంకో ఏడు వేలే కదా, ఈఎంఐలో పెట్టీసుకుందాం అని అటు వెళ్లిపోయేరు. తప్పు పట్టను. సిరిమాను నాడు ఊరంతా జనం, కొట్టులో కాలు పెట్టే సందు లేదు, అయినా 32లు ఆ రోజు పోయినవి రెండే. మొత్తం 16 అమ్మేను, 14 మిగిలిపోయేయి.

ఒక్కోటి నాకు పడింది 8,300. అంటే 14 పీసుల్లో లక్షా పదహారు వేలు చిక్కుకుపోయింది, అదేమీ సొంత డబ్బు కాదు, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. నెలకి 2,300 చిల్లర ఊరికే పోతోంది. 7,800కి ఇచ్చీస్తే పీసుకి 500 చొప్పున మొత్తం 7,000 నష్టం. ఇవ్వకుండా ఇంకో మూడు నెలలు అటక మీద పెట్టుకున్నా వడ్డీ రూపంలో అదే 7,000 పోతాది, పైగా అప్పటికీ టీవీలు అటక మీదే ఉంటాయి. సంక్రాంతి సరుక్కి డబ్బులు కావాలి, అందుకే ఈ రేటు. ఇంతకంటే దీనిలో కథ లేదు.

ఇంకో మాట. అట్టపెట్టె మీద ఎంఆర్‌పీ 19,990 అని ఉంటాది. కావాలంటే నేను "60 శాతం తగ్గింపు" అని ఎర్ర అక్షరాల్లో బోర్డు రాయించుకోవచ్చు, లెక్క ప్రకారం అబద్ధం కూడా కాదు. కానీ ఆ 19,990కి నేను ఎప్పుడూ అమ్మలేదు, ఎవరూ కొనలేదు, కాబట్టి మీరు చూడాల్సిన తగ్గింపు 9,900 మీద 2,100 మాత్రమే. ఆన్‌లైన్‌లో కూడా సేల్ రోజుల్లో ఇంచుమించు ఈ రేటుకే 32లు వస్తుంటాయి, చూసుకునే రండి.

ఇప్పుడు అసలు సంగతి, మీకు ఇది పనికొస్తాదా లేదా.

పోయినేడు గజపతినగరం వైపు నుంచి ఒక పిన్ని వచ్చేరు, ఇంట్లో పాత 21 అంగుళాల డబ్బా టీవీ పోయింది, 24 అంగుళాల ఎల్ఈడీ ఇమ్మన్నారు, 21 కంటే 24 పెద్దదే కదా అని ఆవిడ లెక్క, నేనూ అవునండీ అని ఇచ్చీసేను. నాలుగో రోజు మళ్లీ వచ్చేరు. "ఏటి బాబూ, పెద్దదన్నావు, మడుసులు సిన్నోలైపోనారు" అన్నారు. నవ్వొచ్చింది గానీ, టేపు పెట్టి చూస్తే ఆవిడ మాటే కరెక్టు. టీవీ సైజు మూల నుంచి మూలకి కొలుస్తారు కదా, పాత డబ్బా టీవీ ఇంచుమించు నలుచదరం, 21 అంగుళాల దాని తెర ఎత్తు 12 అంగుళాల పైనే. ఇప్పటివి అడ్డంగా సాగదీసినట్టు ఉంటాయి, 24 అంగుళాల దాని ఎత్తు 12 కూడా లేదు. మనిషి మొహం డబ్బా టీవీలో కంటే చిన్నగానే కనపడతాది మరి. 32కి వెళ్తే ఎత్తు 15 ముప్పావు అవుతాది, అప్పుడు గానీ పెద్దది కొన్నాం అన్న తృప్తి రాదు. ఆవిడకి 24 వెనక్కి తీసుకుని 32 ఇచ్చేను, ఆ రోజు నుంచి ఇంట్లో పాత టీవీ ఏ సైజు అని అడక్కుండా 24 అమ్మడం మానేసేను.

అలాగే దూరం. ఇది చాలామంది పట్టించుకోరు. మంచం మీద నుంచి గానీ కుర్చీ నుంచి గానీ టీవీకి ఆరడుగుల దూరం ఉంటే 32 హాయిగా సరిపోతాది. పదడుగులు దాటితే క్రికెట్ స్కోరు చదవడానికి లేచి వెళ్లాలి, వార్తల్లో కింద పరిగెట్టే అక్షరాలు అసలే కనపడవు. ఇవి హెచ్‌డీ రెడీ టీవీలు, 1366 అడ్డం 768 నిలువు చుక్కలు. ఫుల్ హెచ్‌డీ కాదు కదా అని ముఖం చిట్లించేవాళ్లకి ఒక లెక్క చెప్తాను, 32లో హెచ్‌డీ రెడీ చుక్క ఎంత ఉంటాదో 43లో ఫుల్ హెచ్‌డీ చుక్క కూడా దాదాపు అంతే, రెండూ అర మిల్లీమీటరే. చుక్కలు ఎక్కువున్నా తెర కూడా అంత పెద్దదైపోయింది కదా. పైగా మన ఇళ్లల్లో వచ్చే కేబుల్లో, ఫ్రీ డిష్‌లో మామూలు చానెళ్లు ఎక్కువ, అవి హెచ్‌డీ కావు, ఆ బొమ్మని 43 మీద సాగదీస్తే అలికేసినట్టు ఉంటాది, 32 మీద నీటుగా కనపడతాది. పెద్ద టీవీ కొనుక్కెళ్లి "బొమ్మ మసగ్గా ఉందండీ" అని ఫోన్ చేసినోళ్లు నాకు చాలామంది ఉన్నారు, తప్పు టీవీది కాదు, వచ్చే సిగ్నల్‌ది.

కొట్టులో టీవీ చూసి మోసపోకండి, నా కొట్టులో కూడా. మేం పెట్టే వీడియోలో చిలకలు, పళ్లు, సముద్రం ఉంటాయి, అవి ఏ టీవీ మీద వేసినా మెరిసిపోతాయి. మీకు కావలసింది ఆ చిలకలు కాదు, మీరు రోజూ చూసే సీరియలు. కౌంటర్ పక్కన ఒక 32కి మామూలు కేబుల్ కనెక్షన్ ఇచ్చి పెట్టేను, వచ్చి పది నిమిషాలు కూర్చుని అది చూడండి. లేదంటే మీ పెన్‌డ్రైవ్‌లో పెళ్లి వీడియో పట్టుకురండి.

స్మార్ట్ అన్న మాట దగ్గర కొంచెం జాగ్రత్త. వీటిలో ర్యామ్ 1 జీబీ, స్టోరేజ్ 8 జీబీ, అందులో సగం సిస్టమే తినీస్తాది. యూట్యూబ్ వస్తాది, బాగానే వస్తాది. నెట్‌ఫ్లిక్స్ రాదు, ఈ మోడల్‌కి దానికి పర్మిషన్ లేదు, తర్వాత వస్తాదేమో అని కూడా ఆశ పెట్టుకోవద్దు. నాలుగైదు యాప్‌లు ఎక్కించేరంటే రిమోట్ నొక్కిన తర్వాత టీ తాగి రావచ్చు. ఇంటికి వైఫై ఉంది, రోజూ సినిమాలు ఓటీటీలోనే చూస్తాం అనేవాళ్లు దీని జోలికి రాకండి, గూగుల్ టీవీ, 2 జీబీ ర్యామ్ ఉన్నది వేరే చూపిస్తాను, రేటు ఎక్కువ. లేదూ ఇదే తీసుకుంటాం అంటే దీన్ని మామూలు టీవీ అనుకుని తీసుకోండి, అవసరమైతే తర్వాత వెనకాల హెచ్‌డీఎంఐ సాకెట్టుకి ఓటీటీ యాప్‌లు వచ్చే స్టిక్ పెట్టుకోవచ్చు. అప్పుడు ఆ స్టిక్ డబ్బులు కూడా కలుపుకుని లెక్కేసుకోండి, కలిపితే ఇది చవకో కాదో మీకే తెలుస్తాది.

సౌండు గొప్పగా లేదు. స్పీకర్లు కిందకి చూస్తూ ఉంటాయి, చిన్న గదిలో పర్లేదు, వేసవిలో ఫ్యాను ఐదులో పెట్టేరంటే మాటలు సగం గాల్లో కలిసిపోతాయి.

స్టెబిలైజర్ గురించి ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్లు ప్రతి టీవీతోటీ ఒక స్టెబిలైజర్ అంటగట్టేను, 1,500 వరకూ పడేది. ఇప్పటి ఎల్ఈడీ టీవీ వెనకాల స్టిక్కర్ చూడండి, చాలావాటి మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసుంటాది, అంటే లో వోల్టేజీకి దానికదే సర్దుకుంటాది. మీ వీధిలో బల్బులు పేలిపోయేంత హై వోల్టేజీ వస్తుంటే తప్ప అక్కర్లేదు, అలా వస్తే హై కట్, అంటే వోల్టేజీ మరీ పెరిగితే కరెంటు ఆపీసేది, ఉన్నదే కొనండి. టీవీల్ని నిజంగా చంపేది పిడుగు. ఉరుములు మొదలవగానే ప్లగ్గు ఒక్కటే కాదు, డిష్ వైరు కూడా పీకీయండి, చాలామంది స్విచ్ ఆపి ఊరుకుంటారు, పిడుగు డిష్ వైరు నుంచి దిగి బోర్డు కాల్చీస్తాది. ఏటా వేసవిలో రిపేరుకి వచ్చేవాటిలో ఇవే ఎక్కువ.

ఇంకోటి, ఇంటికి వెళ్లగానే చేయండి. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు బ్యాక్‌లైట్, అంటే తెర వెనక వెలుగు, 100 మీద ఉంటాది, షోరూములో మెరవడం కోసం. మెనూలోకి వెళ్లి 60 దగ్గరకి దించండి, రాత్రిపూట కళ్లకీ హాయి, లోపల ఎల్ఈడీ పట్టీలు కూడా వేడెక్కకుండా ఎక్కువకాలం ఉంటాయి. ఆ పట్టీలు పోతే మాట వినపడుతూ బొమ్మ నల్లగా అయిపోతాది, అది మన ఊళ్లోనే బాగుచేస్తారు, భయం లేదు. అదే ప్యానెల్, అంటే ముందున్న తెర, పగిలిందా, ఇంక ఆశ వదులుకోండి, కొత్త ప్యానెల్ రేటూ టీవీ రేటూ ఒకటే, వారంటీలో రాదు. ఇంట్లో బంతాడే పిల్లలుంటే గోడకి ఎత్తుగా బిగించుకోండి.

వారంటీ ఏడాది, కంపెనీదే. కానీ సర్వీస్ సెంటర్ వైజాగ్‌లో ఉంది, మెకానిక్ అక్కడి నుంచి రావాలి, "రెండు రోజుల్లో" అని ఫోన్లో చెప్తారు, వారం పడుతోంది, ఒకరికి పన్నెండు రోజులు పట్టింది, ఆయనతో తిట్లు తిన్నది నేను. అందుకని ఈ 14 టీవీలకి ఒక పని చేస్తున్నాను, మొదటి నెలలో ఏ కంప్లయింట్ వచ్చినా నా దగ్గరకి పట్టుకొచ్చేయండి, వేరే పీసు ఇచ్చీస్తాను, కంపెనీతో నేను పడతాను. పగలగొట్టినవీ పిడుగు పడ్డవీ కాదండోయ్.

ఎవరికి బాగుంటాదంటే, మూల గదిలో ఉండే మామ్మగారికి, అద్దె గదిలో ఉండే చదువుకునే పిల్లలకి, టీ కొట్లకి. పాతకాలం ఇళ్లల్లో గోడలోనే టీవీకి గూడు కట్టించుకున్నవాళ్లకి కూడా, ఎందుకంటే 43 అంగుళాల టీవీకి 38 అంగుళాల వెడల్పు కావాలి, అది ఆ గూట్లో పట్టదు, దీనికి 29 ఉంటే చాలు. టేపు పెట్టి కొలుచుకునే రండి, "పడతాది లెండి" అని తీసుకెళ్లి ఆటోలో వెనక్కి తెచ్చినవాళ్లున్నారు.

సారెలోకి మాత్రం వద్దు. ఈమధ్య రాజాం నుంచి ఒకాయన కూతురి సారెలోకి 32 బేరమాడేరు, నేనే వద్దన్నాను. నాలుగు డబ్బులు మిగుల్చుకుని ఏడేళ్లు మాట పడడం ఎందుకండి, అవతలి ఇంటి హాలు పెద్దది, గోడ మీద అది కేలెండరులా ఉంటాది. 43 తీసుకెళ్లేరు. నా 14లో ఒకటి తగ్గలేదని బాధ ఉంది, కాదనను.

14లో రెండింటికి అట్టపెట్టె నలిగింది, లోపల టీవీ బాగానే ఉంది, విప్పి ఆన్ చేసి చూసేను, అవి 7,500. తీసుకునేటప్పుడు ఏ పీసైనా సరే మీ ముందే విప్పిస్తాను, తెల్ల తెర ఒకసారి, నల్ల తెర ఒకసారి వేసి చూసుకోండి, చుక్క కనపడితే ఆ పీసు పక్కన పెట్టీసి ఇంకోటి విప్పుతాను. పాత టీవీ ఎక్స్ఛేంజ్ లేదు ఈ రేటుకి, అడగొద్దు. ఈఎంఐ కూడా లేదు. ఊళ్లో అయితే బిగించడం ఫ్రీ, బయట ఊళ్లకి మనిషి ఆటో ఖర్చు మీది.

24 అంగుళాలవి ఐదు ఉండేవి, 5,500 చొప్పున. ఒకటి నేనే కౌంటర్ మీద సీసీ కెమెరాకి పెట్టీసుకున్నాను, దానికి భేషుగ్గా ఉంది. కాబట్టి నాలుగు.