స్తంభానికి పద్దు ఉంది, మాకు లేదు: మంత్రివర్యులకు కడప నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

కడప పాత పట్టణంలో పద్దెనిమిదేళ్లుగా పిండి మిషన్ నడుపుకొంటున్న ఒక మహిళ నమస్కరించి చేసుకొంటున్న విన్నపం.

మా వీధిలో రోడ్డు, కాలువ తవ్వకాల వల్ల దెబ్బతిన్న నా వ్యాపారం విషయమై నేను రాస్తున్న అయిదో ఉత్తరమిది. మొదటి నాలుగు అర్జీలకూ రశీదులున్నాయి, నంబర్లున్నాయి, ‘మీ సమస్య పరిష్కరించబడినది’ అంటూ ఫోనుకు వచ్చిన సందేశాలు కూడా ఉన్నాయి. ఆ సందేశం వచ్చిన ప్రతిసారీ నమ్మకంతో బయటికి వచ్చి చూశాను. గుంత గుంతలాగే ఉంది. అందుకే ఈసారి రశీదు అక్కర్లేని పద్ధతిలో, నలుగురూ చదివేలా రాస్తున్నాను.

మా వీధి విస్తరణ, మురుగు కాలువ పనుల సంగతి తమరికి తెలిసినదే కనుక మళ్లీ వివరించను. ఆ పనులు వద్దని మేమెవరమూ అనలేదు. 2020 నవంబరులో నివర్ తుపాను వేళ బుగ్గవంక పొంగి నీళ్లు ఇళ్లలోకి వచ్చిన ఊరు మాది. కాలువ విలువ మాకు ఒకరు చెప్పనక్కర్లేదు. శంకుస్థాపన నాడు పూలదండలకు చందాలు వేసుకొన్నది కూడా మా వీధి వ్యాపారులమే. పని ఆరు నెలల్లో పూర్తవుతుందని ఆ వేదిక మీద చెప్పారు. ఆ ఆరు నెలలు ఇప్పటికి మూడుసార్లు పూర్తయ్యాయి.

అయ్యా, పిండి మిషన్‌కు ఎవరూ ఉత్తి చేతులతో రారు. ఫోను రీచార్జి చేయించుకొనేవారైతే గుంత దాటి వచ్చి వెళ్లగలరు. మా దగ్గరికి వచ్చేవారి నెత్తిమీద పది కిలోల జొన్నలో, చంకలో అయిదు కిలోల రాగులో, సైకిలు మీద ఎండుమిరపకాయల గోతమో ఉంటుంది. గడపకూ రోడ్డుకూ మధ్య నడుములోతు కాలువ తవ్వి, దాని మీద రెండు సెంట్రింగు చెక్కలు పడేసి ‘దారి ఇచ్చాం’ అని కాగితం మీద రాసుకొంటే, ఆ చెక్కల మీద అరవై ఏళ్ల మనిషి బరువుతో ఎలా నడవాలి? ఒక పెద్దావిడ అవతలి గట్టున నిలబడి, సంచీ కింద పెట్టి, ‘అమ్మీ, నువ్వే వచ్చి తీసుకుపో’ అని పిలిచేది. కొన్నాళ్లు నేనే పోయి తెచ్చాను, పిండి పట్టి మళ్లీ మోసుకెళ్లి ఇచ్చాను. ఒక్కరైతే చేయగలను. వాడుకగా వచ్చే మూడు వందల ఇళ్లకు ఆ పని ఎక్కడ చేసేది?

దారి సంగతి అలా ఉంచి, దుమ్ము సంగతి చెబుతాను. పనులు జరిగేచోట నీళ్లు చల్లాలన్నది పేరుకే. పక్కన గుడ్డలు కుట్టే ఆయన దుమ్ము పడితే దులుపుకొంటాడు. పిండిలో పడిన దుమ్మును నేనేం చేయాలి? ముందు వాకిలికి పరదా కట్టాను, ఆ తరువాత గోనెపట్టాలు తడిపి కట్టాను, చివరికి సగం తలుపు మూసి ఆ ఉక్కలోనే మిషన్ ఆడించాను. అయినా ఒకరోజు, మా మామగారి కాలం నుంచి మా దగ్గరే పట్టించుకొనే ఒక ఇంటివారు వచ్చి, సంగటి పళ్లకింద కరకరలాడుతోందని చాలా మర్యాదగా చెప్పి వెళ్లారు. తిట్టి ఉంటే ఓర్చుకొనేదాన్ని. వాళ్లు మళ్లీ రాలేదు.

ఇక ఎండాకాలం. రాయలసీమలో ఏ ఇంట్లోనైనా ఏడాదికి సరిపడా కారం ఆ నాలుగు రోజుల్లోనే పట్టించి జాడీలకెత్తుతారని తమరికి నేను చెప్పాలా? మార్చి నుంచి మే దాకా మిరపకాయలు ఎండబెట్టి, తొడిమలు తీసి, వరుసలో సంచులు పెట్టి కూర్చొనేవారు. రంజాన్ కూడా ఆ రోజుల్లోనే వస్తే మసాలాలు, బియ్యప్పిండి కలిసి రాత్రి పదకొండు దాకా మిషన్ ఆగేది కాదు. ఆ మూడు నెలల రాబడితోనే మిగిలిన తొమ్మిది నెలల అద్దె గడిచేది. రాళ్లకు గాట్లు కొట్టించడం, బెల్టులు మార్పించడం, కుర్రవాడి జీతం, అన్నీ అందులోంచే. అలాంటి ఎండాకాలాలు రెండు పోయాయి. మొదటి ఏడు దారి లేక పోయింది. రెండో ఏడు సరిగ్గా ఏప్రిల్లో స్తంభాలు మారుస్తున్నామని మా వైపు త్రీఫేజు కరెంటు తీసేశారు. ఇళ్లకు లైట్లు వెలిగాయి కనుక వీధికి కరెంటు ఉన్నట్టే లెక్క అన్నారు. పదకొండు రోజులు మోటారు తిరగలేదు. మోటారు తిరగకపోయినా స్థిర చార్జీ మాత్రం బిల్లులో పైసాతో సహా తిరిగింది.

రెండు ఎండాకాలాలు మా దగ్గరికి రాలేకపోయిన వాడుకవాళ్లు పాకెట్టు కారానికి అలవాటుపడ్డారు. రోడ్డు పూర్తయిన మరునాడు వాళ్లందరూ సంచులు పట్టుకొని తిరిగివస్తారని మీ ఇంజనీర్లు ఏ కొలతతో లెక్కగట్టారో నాకు తెలియదు. వ్యాపారంలో వాడుక తెగిందంటే కట్టుబడి చేయడానికి సిమెంటు దొరకదు. మా వీధిలో కారం దోశలు వేసే ఆయన నా దగ్గరే పప్పుల పొడి పట్టించుకొనేవాడు. కూర్చొని తినేవారికి చోటులేక బండి కట్టేసి వేరే పేటకు పోయాడు. ఆయనతోపాటు రోజూ వచ్చే ఆ నాలుగు కిలోలు కూడా పోయాయి.

నాలుగో అర్జీ పట్టుకొని వెళ్లినప్పుడు ఒక ఉద్యోగి నన్ను కూర్చోబెట్టి, నిజంగానే ఓపికగా, నిబంధనలు వివరించారు. వారిమీద నాకు కోపం లేదు. స్థలం పోయినవారికి టీడీఆర్ బాండు ఇస్తారు, అంటే పోయిన స్థలానికి బదులు వేరేచోట అదనంగా కట్టుకొనే హక్కు పత్రం, కావాలంటే అమ్ముకోవచ్చు. మా వీధిలో ఎదురువరుస వాళ్ల స్థలాలు పోయాయి, బాండ్లు వచ్చాయి. ‘మీ గోడ ఒక్క అంగుళం కూడా పోలేదు కదమ్మా, మీకు నష్టపరిహారం ఏ పద్దు కింద ఇమ్మంటారు?’ అని అడిగారు. గోడ పోయినా అది నాది కాదు, నేను అద్దెదారును, కాబట్టి ఆ బాండు మా ఇంటి యజమానికే వెళ్లేది. అంటే గోడ ఉన్నా నాకు లేదు, గోడ పోయినా నాకు లేదు.

ఆ తరువాత మా అమ్మాయి చట్టం వెతికి చదివి వినిపించింది. 2013 నాటి భూసేకరణ చట్టం రెండో షెడ్యూలులో చేతివృత్తులవారికీ, చిరువ్యాపారులకూ 25,000 రూపాయలకు తగ్గకుండా ఒకసారి సాయం ఇవ్వాలని ఉంది. చదివినప్పుడు కాస్త సంతోషించాం. కింద చూస్తే, భూసేకరణ వల్ల ఆ చోటు నుంచి వెళ్లగొట్టబడిన కుటుంబాలకు మాత్రమే అది వర్తిస్తుందట. నన్ను ఎవరూ వెళ్లగొట్టలేదు. నన్ను ఉన్నచోటే ఉంచి, నా దగ్గరికి ఎవరూ రాకుండా చేశారు. ఇలాంటిదానికి ఆ చట్టంలో పేరు లేదు. పేరు లేనంత మాత్రాన నష్టం లేనట్టా మంత్రిగారూ?

పద్దు లేదన్నారు కనుక పద్దుల గురించే అడుగుతాను. రోడ్డు పని ఎస్టిమేట్‌లో కరెంటు స్తంభాలు పక్కకు జరపడానికి పద్దు ఉంటుంది. మంచినీటి గొట్టాలు మార్చడానికి పద్దు ఉంటుంది. గుత్తేదారుకు వానలు పడినా, ఇసుక దొరకకపోయినా గడువు పొడిగింపు ఉంటుంది. ఇనుము, సిమెంటు ధరలు పెరిగితే ఒప్పందంలో సవరణలుంటాయి. స్తంభానికి నొప్పి కలగకుండా ఇంత ఏర్పాటు చేసిన ప్రభుత్వం, ఆ స్తంభం పక్కనే మిషన్ పెట్టుకొన్న మనిషి ఏడాదిన్నర ఏం తింటుందో ఎస్టిమేట్‌లో ఒక్క వరుస రాయలేకపోయిందా? నేను అడుగుతున్నది ఆ ఒక్క వరుసే. ప్రతి ఎస్టిమేట్‌లో, పని జరిగే వీధిలోని చిన్న దుకాణాలకు ఇంత అని ఒక పద్దు పెట్టండి. ఆలస్యానికి గుత్తేదారుపై వేసే జరిమానా వసూలయితే, వసూలయినదైనా ఆ ఆలస్యం వల్ల నష్టపోయినవారికి చేర్చండి.

ఇది కొత్త సంప్రదాయమేమీ కాదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, సముద్రంలో వేట ఆపిస్తారు. ఆపించినందుకు మత్స్యకార కుటుంబాలకు భృతి ఇస్తారు. 2025లో ఆ మొత్తాన్ని 20,000 రూపాయలకు పెంచారు. చాలా మంచి పని. లోకం బాగు కోసం ఒకరి జీవనోపాధిని ప్రభుత్వమే కొన్నాళ్లు ఆపితే ఆ కొన్నాళ్లకు ప్రభుత్వమే బాధ్యత వహించాలన్న న్యాయం అందులో ఉంది. సరిగ్గా ఆ ఏప్రిల్, మే నెలల్లోనే నా మిషన్ కూడా ఆగింది. కోస్తాలో న్యాయమైనది కడపకు వచ్చేసరికి ‘పద్దు లేదు’ ఎలా అయింది? మాకు సముద్రం లేకపోవడం మా తప్పా?

పరాయి దేశాల మాట ఎత్తితే నవ్వుతారేమో గానీ, అదీ మా అమ్మాయి చూపించినదే. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో మెట్రో రైలు మార్గాలు వేస్తున్నప్పుడు 25 మందికి మించి పనివారు లేని చిన్న వ్యాపారాలకు, పనుల వల్ల పోయిన రాబడి కింద ఏడాదికి 50,000 డాలర్ల వరకు ఇచ్చే నిధి ఏర్పాటు చేశారు. అది అప్పు కాదు. నేను డాలర్లు అడగడం లేదు. నా దగ్గర పనివాడు ఒక్కడే ఉండేవాడు, ఇప్పుడు వాడూ లేడు.

అప్పు అన్నాను కనుక ఆ ముచ్చట కూడా చెప్పాలి. ఎవరిని అడిగినా ముద్ర రుణం తీసుకోమంటున్నారు. చిన్న పరిశ్రమలకు కేంద్రం ఇచ్చే ఉద్యం నమోదు కూడా చేసుకొన్న ‘సూక్ష్మ పరిశ్రమ’నే నేను, కాగితం చట్రం కట్టించి గోడకు తగిలించాను, దాని మీదా దుమ్మే. వ్యాపారం నడుస్తుంటే అప్పు తీసుకొని పెంచుకోవచ్చు. దారి మూసేసి, దారి మూసిన నెలలకు వడ్డీ కట్టమనడం ఏం సాయం? డ్వాక్రా సంఘంలో నా కంతు రెండు నెలలు తోటి సభ్యులు వేసుకొని కట్టారు. వాళ్లలో ఒకామె ఇళ్లలో పాచిపని చేస్తుంది. ఆమె డబ్బుతో నా కంతు తీరిన రోజు నాకు ఎలా ఉందో ఏ అర్జీ ఫారంలోనూ రాయడానికి గడి లేదు.

‘రోడ్డయితే మీకే లాభం కదమ్మా’ అని ప్రతి కార్యాలయంలోనూ ఒకరు అంటారు. రోడ్డు వెడల్పయితే దుకాణం విలువ పెరుగుతుంది, నిజమే. దుకాణం ఎవరిది? మా ఇంటి యజమాని మంచివారు, రెండు నెలల అద్దె వాయిదా ఇచ్చారు. అయినా పని పూర్తయ్యాక అద్దె సంగతి మళ్లీ మాట్లాడుకోవాలని ఇప్పటికే ఒక మాట వేసి ఉంచారు. లాభం వచ్చేనాటికి ఆ దుకాణంలో నేను ఉంటానా అన్నది వేరే ప్రశ్న.

చిన్నవాళ్ల నష్టాన్ని లెక్కగట్టడం కష్టం, రికార్డులు ఉండవు అని కూడా అన్నారు. నాకు జీఎస్టీ లేదు, అంత వ్యాపారమూ లేదు. కానీ అయ్యా, పిండి మిషన్ నష్టానికి సాక్ష్యం సర్కారు దగ్గరే ఉంది. కరెంటు మీటరు అబద్ధం చెప్పదు. పని మొదలుకాక ముందటి ఏప్రిల్లో నా మీటరు 1,140 యూనిట్లు తిరిగింది. తవ్వకం మొదలయ్యాక వచ్చిన ఏప్రిల్లో 310. ఈ ఏప్రిల్లో 190. ఆ మూడు బిల్లులు పక్కపక్కన పెడితే చాలు, ఏ సర్వే బృందమూ అక్కర్లేదు. వెల్డింగు షాపుకూ అంతే, జిరాక్సు షాపుకూ అంతే. మీటరు లేని తోపుడు బండ్లకు వేరే కొలత ఆలోచించండి, వాళ్లను మాత్రం వదిలేయకండి. నా మాట వినేవారైనా ఉన్నారు, వాళ్ల మాట వినేవారు అసలే లేరు.

కాబట్టి ఎస్టిమేట్‌లో మా కోసం ఒక పద్దు పెట్టమని మళ్లీ అడుగుతున్నాను. అది విధాన నిర్ణయం, సమయం పడుతుంది అంటారని తెలుసు. అందాకా మోటారు తిరగని నెలలకు స్థిర చార్జీ మాఫీ చేయించండి. పని పూర్తయ్యేదాకా వ్యాపార లైసెన్సు రుసుము అడగకండి. రుణ కంతులకు బ్యాంకులతో మాట్లాడండి. ఇవేవీ కుదరకపోతే, మళ్లీ మిరపకాయల కాలం వచ్చేలోపు మా గడపల ముందు చెక్కలు తీయించి, బరువుతో మనిషి నడవగలిగే ఇనుప పలకలైనా వేయించండి. ఇందుకు జీవో కూడా అక్కర్లేదనుకొంటాను.

నాలుగు అర్జీల నకళ్లూ, మూడు బిల్లులూ మిషన్ దగ్గరే ఉంచాను. తమ తరఫున ఎవరైనా విచారణకు వస్తే చూపిస్తాను. ఉదయం ఏడు నుంచి తెరిచే ఉంటుంది. ముందువైపు దారి లేదు కనుక, వెనక సందులోంచి రమ్మని వారికి దయచేసి చెప్పండి.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఒక పిండి మిషన్ నిర్వాహకురాలు,
పాత పట్టణం, కడప