డబ్బాను వెనక్కి తిప్పి చదువు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. రక్తంలో చక్కెర హద్దు దగ్గరికి వచ్చిందని డాక్టరు గారు చెప్పగానే నువ్వు దుకాణానికి వెళ్లి, పొద్దున్నే పాలలో వేసుకుని తినే సీరియల్ డబ్బాలు మూడు రకాలు తెచ్చుకున్నావనీ, మూడింటి మీదా ఆరోగ్యం అన్న మాటే పెద్ద అక్షరాలతో ఉండడంతో ఏది తినాలో తేల్చుకోలేక అలమారలో పెట్టేశావనీ రాశావు. అది చదివి నాకు మనసు కలుక్కుమంది, ఎందుకంటే సరిగ్గా అదే అయోమయంలో నేను చాలా కాలం గడిపాను. తేనె పూత పూసిన ఒక సీరియల్‌ను అయిదేళ్లకు పైగా ప్రతిరోజూ పొద్దున్నే తిన్నాను. డబ్బా మీద గోధుమ కంకి బొమ్మ ఉంది కాబట్టి నేను తింటున్నది గోధుమే అని నమ్మాను. ఒక రోజు గిన్నె అడుగున మిగిలిన పాలు తాగుతుంటే పంచదార నీళ్లు తాగుతున్నట్టు అనిపించింది. ఆ పాలలో నేను చెంచాడు చక్కెర కూడా వేసుకోలేదు. ఆ తీపి ఎక్కడి నుంచి వచ్చిందా అని మొట్టమొదటిసారి డబ్బాను వెనక్కి తిప్పి చదివాను. పదార్థాల జాబితాలో రెండో పేరు చక్కెర, నాలుగో పేరు గ్లూకోజ్ సిరప్, ఆరో పేరు తేనె.

అందుకే నీకు ముందుగా చెప్పేది ఒక్కటే. డబ్బా ముందు భాగం అమ్మేవాడి మాట, వెనక భాగం చట్టం చెప్పించిన మాట. చాలా దేశాల్లో పదార్థాలను బరువును బట్టి, ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తరువాత వచ్చేలా రాయాలన్న నిబంధన ఉంది. కాబట్టి మొదటి మూడు పేర్లు చదివితే ఆ డబ్బాలో ఉన్నదేమిటో చాలావరకు తేలిపోతుంది. మొదటి పేరుగా పొట్టు, మొలక తీయని సంపూర్ణ ధాన్యం ఉండాలి, అంటే సంపూర్ణ గోధుమ, సంపూర్ణ ఓట్స్, బార్లీ వంటివి. ‘మల్టీ గ్రెయిన్’ అన్న మాటను చూసి మోసపోకు, ఎందుకంటే రకరకాల ధాన్యాలు కలిపారన్నదే దాని అర్థం, వాటి పొట్టు తీయలేదని కాదు. ముదురు గోధుమ రంగును చూసి కూడా నమ్మకు, మొలకెత్తిన బార్లీ నుంచి తీసే మాల్ట్ సారంతోనో, మాడ్చిన చక్కెర అయిన కారమెల్‌తోనో ఆ రంగు సులువుగా తెప్పించవచ్చు.

సంపూర్ణ ధాన్యం అని ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానో చెబుతాను. ఒక గోధుమ గింజను తీసుకుంటే దాని బరువులో సుమారు 83 శాతం లోపలి పిండి భాగం, 14 శాతం పైపొట్టు, మిగిలిన రెండున్నర శాతమే మొలక. పీచులో అధిక భాగం పొట్టులో ఉంటుంది, మంచి కొవ్వులూ ‘ఇ’ విటమినూ మొలకలో ఉంటాయి, ఖనిజాలు, బి విటమిన్లు ఎక్కువగా ఆ రెండింటిలోనే ఉంటాయి. కొవ్వు ఉన్న మొలకను ఉంచితే పిండి త్వరగా ముక్కిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ఎక్కువ కాలం నిల్వ ఉంచాలనుకున్న మిల్లులు దాన్ని తీసేయడం మొదలుపెట్టాయి. మామూలు కార్న్ ఫ్లేక్స్‌ను చూడు. మొక్కజొన్న గింజ నుంచి పొట్టునూ మొలకనూ తీసేసి, మిగిలిన రవ్వను ఉడికించి, అదిమి, కాల్చి చేస్తారు. గింజలోని బలమంతా బయటే ఉండిపోయింది, చేతికి వచ్చింది పలుచటి పిండి రేకు. అది రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చూపే గ్లైసీమిక్ సూచిక సుమారు 80, అంటే 100గా లెక్కగట్టే గ్లూకోజ్‌కు దగ్గరగా చేరుతుంది.

చుట్లుగా, బంతులుగా, నక్షత్రాలుగా ఉండే రకాల సంగతి ఇంకా వేరు. వాటిని ఎక్స్‌ట్రూడర్ అనే యంత్రంలో తయారుచేస్తారు. పిండిని నీటితో ముద్ద చేసి, తీవ్రమైన వేడిలో, తీవ్రమైన ఒత్తిడిలో చిన్న రంధ్రం గుండా తోస్తారు. బయటికి రాగానే లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై ముద్ద పొంగిపోతుంది. గింజ రూపం పూర్తిగా చెదిరిపోయిన ఆ పిండిని నమలవలసిన పనే ఉండదు, నాలుక మీద పెడితే కరిగిపోతుంది, కడుపులోనూ అంతే వేగంగా అరిగిపోతుంది. పొట్టుతో సహా పిండి వాడినా ఈ కథ పెద్దగా మారదు. నా కొలత ఏమిటంటే, గిన్నెలోకి చూసి ఇది ఫలానా గింజ అని గుర్తుపట్టగలగాలి. గుర్తుపట్టలేకపోతే గింజకూ మన గిన్నెకూ మధ్య దారి చాలా పొడవైపోయిందని అర్థం.

ఈ కొలతకు బాగా సరిపడేది ఓట్స్, అందుకే దాని గురించి కాస్త విడమరచి రాస్తాను. ఓట్స్ గింజకు పైన తినడానికి పనికిరాని ఊక ఉంటుంది, దాన్ని తీసేస్తే మిగిలేది ఓట్ గ్రోట్, అదే సంపూర్ణ గింజ. మిగతా ధాన్యాల కన్నా ఓట్స్‌లో కొవ్వు ఎక్కువ, ఆ కొవ్వును చెడగొట్టే ఎంజైము కూడా గింజలోనే ఉంటుంది. అందుకని మిల్లులో ముందే ఆవిరి పట్టి, వేడి చేసి ఆ ఎంజైమును ఆపేస్తారు. ఈ మాత్రం ప్రాసెసింగ్ మంచికే జరుగుతుంది, ప్రాసెసింగ్ అన్న మాట వినగానే బెదిరిపోనవసరం లేదు. ఆ గ్రోట్‌ను రెండు మూడు ముక్కలుగా కోస్తే స్టీల్ కట్ ఓట్స్. ఆవిరి పట్టి అదిమితే రోల్డ్ ఓట్స్. ఇంకా పలుచగా అదిమి, ముందే ఎక్కువసేపు ఉడికించి ఎండబెడితే ఇన్‌స్టంట్ ఓట్స్. మూడింటిలోనూ ఉన్నది ఒకే గింజ, పీచు కూడా ఇంచుమించు ఒక్కటే, కానీ ముక్క ఎంత పలుచనైతే అరుగుదల అంత వేగం. స్టీల్ కట్ నిదానంగా, రోల్డ్ మధ్యస్థంగా, ఇన్‌స్టంట్ వేగంగా రక్తంలోకి చక్కెరను పంపుతాయి. నీ పరిస్థితిలో ఈ తేడా చిన్నది కాదు.

ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచు ఉంది. ఉడికించేటప్పుడు గరిటెకు అంటుకుని జిగురుగా సాగేది అదే. కడుపులో కూడా అది అలాగే జిగురుగా మారి అరుగుదలను నెమ్మదింపజేస్తుంది, కొలెస్ట్రాల్‌తో తయారయ్యే పిత్త ఆమ్లాలను తనతో పట్టుకుపోయి చెడు కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ చేరే ఆహారం గుండె జబ్బు ముప్పును తగ్గించవచ్చని ఓట్స్ డబ్బాల మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లో అనుమతి ఇచ్చింది. ఆ 3 గ్రాములు రావాలంటే సుమారు 75 గ్రాముల పొడి ఓట్స్ కావాలి. అది ఒక్క పూటకు కాస్త ఎక్కువే, అందులో సగం తిన్నా మేలు జరుగుతుంది. ఇన్‌స్టంట్ ఓట్స్ పొట్లాల్లో పళ్ల రుచి, మేపుల్ రుచి అంటూ వచ్చేవాటిని మాత్రం దయచేసి ముట్టుకోకు, వాటిలో చక్కెర కలిపే ఉంటుంది.

ఇక చక్కెర సంగతి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు, నేనూ ఇక్కడే దెబ్బతిన్నాను. చక్కెరంతా ఒకే పేరుతో రాస్తే అది జాబితాలో మొదటికి వచ్చేస్తుంది. అదే చక్కెరను మూడు నాలుగు రూపాల్లో కలిపితే ఒక్కొక్క దాని బరువు తగ్గి, ఒక్కొక్క పేరూ కిందికి జారిపోతుంది. కాబట్టి గ్లూకోజ్ సిరప్, ఫ్రక్టోజ్, డెక్స్‌ట్రోజ్, మాల్ట్ సారం, మొలాసిస్, తేనె, పళ్లరసం గాఢద్రవం, ఇవన్నీ కనబడినప్పుడు వాటన్నిటినీ మనసులో ఒకే గంపలో వెయ్యి. తేనె, పళ్లరసం గాఢద్రవం సహజమైనవి కదా అంటావేమో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వాటిని కూడా చక్కెరతో పాటే లెక్కగట్టింది. మొత్తం శక్తిలో పది శాతం కన్నా తక్కువే, వీలైతే అయిదు శాతం లోపే ఇటువంటి చక్కెరల నుంచి రావాలని ఆ సంస్థ చెప్పింది. రోజుకు 2000 కేలరీలు తినేవారికి అయిదు శాతమంటే సుమారు 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు. పూత పూసిన సీరియల్ ఒక గిన్నె తింటే అందులో సగం దాకా పొద్దున్నే అయిపోవచ్చు.

పోషకాల పట్టికలో 100 గ్రాముల లెక్క ఉన్న వరుసను చూడు, ఒక్క వడ్డన లెక్కను చూడకు. బ్రిటన్‌లో డబ్బాల మీద రంగులు వేసే పద్ధతిలో 100 గ్రాములకు 22.5 గ్రాములు దాటితే చక్కెర ఎక్కువనీ, 5 గ్రాములు మించకపోతే తక్కువనీ లెక్క. నీ దగ్గరున్న మూడు డబ్బాలనూ ఈ కొలతతో చూడు. ఎండు ద్రాక్షలు కలిపిన వాటిలో పండు చక్కెర కూడా అంకెలో కలుస్తుంది కాబట్టి వాటికి కాస్త సడలింపు ఇవ్వవచ్చు. పీచుకు నేను వాడే సూత్రం కూడా చెబుతాను. పిండి పదార్థాలు పది గ్రాములు ఉంటే పీచు కనీసం ఒక గ్రాము ఉండాలి. డబ్బా మీద 68 గ్రాముల పిండి పదార్థం, 3 గ్రాముల పీచు ఉంటే దాన్ని తిరిగి పెట్టేయి.

వడ్డన సంగతి ఎత్తాను కాబట్టి, నేను ఇంట్లో చేసిన పని ఒకటి రాస్తాను. నేను రోజూ పోసుకునేటంత సీరియల్‌ను అలవాటు ప్రకారం గిన్నెలో పోసి వంటింటి త్రాసు మీద పెట్టాను. డబ్బా మీద ఒక వడ్డన 30 గ్రాములు అని ఉంది. త్రాసు 68 చూపించింది. అంటే డబ్బా మీద రాసిన చక్కెరకు రెండింతల పైనే రోజూ నా కడుపులోకి వెళ్తోంది. నువ్వు కూడా ఒక్కసారి తూచి చూడు, ఆ తరువాత కంటికే కొలత అలవాటైపోతుంది.

‘విటమిన్లు, ఇనుము చేర్చబడినవి’ అన్న వాక్యం మీద నాకు కోపమేమీ లేదు, పోషకాహారం అందని వారికి అది నిజంగా ఆసరా. అయితే దాన్ని చూసి తక్కినదంతా క్షమించేయకు. కొన్ని సీరియళ్లలో కలిపే ఇనుము సన్నటి ఇనుప పొడే. ఆ రేకులను మెత్తగా నూరి, నీళ్లలో కలిపి, బలమైన అయస్కాంతాన్ని గిన్నెకు ఆనించి తిప్పితే నల్లటి పొడి దాని దగ్గరికి చేరుతుంది. మొలకనూ పొట్టునూ తీసేసి ఆ తరువాత పైనుంచి చల్లడం కన్నా, తీయకుండా ఉంచడమే నాకు నచ్చుతుంది.

ఈ తిండి మొదట్లో ఇలా ఉండేది కాదు, నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. 1863లో జేమ్స్ కాలెబ్ జాక్సన్ అనే వైద్యుడు చేసిన గ్రాన్యులా అనే గట్టి పలుకుల సీరియల్‌ను రాత్రంతా నానబెడితే తప్ప తినలేకపోయేవారు. 1894లో అమెరికాలోని బాటిల్ క్రీక్ ఊళ్లో ఉన్న ఆరోగ్య నిలయంలో కెలాగ్ సోదరులు గోధుమ రేకులను తయారుచేసింది రోగుల కోసం. వారిలో డాక్టరైన జాన్ హార్వీకి చక్కెర కలపడం ఇష్టం లేదు, తమ్ముడు విల్ కీత్ మాత్రం చక్కెర కలిపి 1906లో కంపెనీ పెట్టాడు. 1900 ప్రాంతంలో జ్యూరిక్‌లో బిర్చర్ బెనర్ అనే వైద్యుడు తన రోగులకు పెట్టిన మ్యూస్లీలో ప్రధానమైనది తురిమిన ఆపిల్ పండు, నానబెట్టిన ఓట్స్ ఒక్క పెద్ద చెంచాడే.

ఇప్పుడు ఓట్స్, ఎండు పళ్లు, గింజలు కలిపి అమ్మే మ్యూస్లీ కొంటే చక్కెర కలపనిది, కాల్చనిది కొను. గ్రానోలా దానికి చుట్టంలా కనిపిస్తుంది గానీ నూనె, తీపి పట్టించి కాల్చినది, రోజూ గిన్నె నిండా తినేది కాదు.

మరొక్క విషయం రాసి ముగిస్తాను. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 2019లో ప్రచురించిన పరీక్షలో 20 మందిని ఉంచుకుని, రెండు వారాలు అతిగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు సహజమైన తిండి పెట్టారు. వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానంగా ఉండేలా చూశారు, ఎంత తినాలన్నది తినేవారికే వదిలేశారు. ప్రాసెస్ చేసిన తిండి తిన్నప్పుడు వారు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, తినే వేగం కూడా పెరిగింది. ఆకలి తీరకముందే గిన్నె ఖాళీ అయిపోయే ఆ అనుభవం నీకూ నాకూ బాగా తెలిసిందే.

నువ్వు ఇప్పుడు చేయవలసింది కష్టమైనదేమీ కాదు. రాత్రి పడుకునే ముందు 40 గ్రాముల రోల్డ్ ఓట్స్‌ను రెండింతల పాలలో గానీ చక్కెర లేని పెరుగులో గానీ నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టు. పొద్దున్నే లేచి ఒక ఆపిల్ తురుమో నాలుగు బాదం గింజలో కలుపుకో. ఆదివారం నాడు స్టీల్ కట్ ఓట్స్ ఎక్కువగా వండి పెట్టుకుంటే మూడు రోజులు వేడి చేసుకుని తినవచ్చు, ఉడకడానికి అరగంట దాకా పడుతుంది, తొందరపడకు. మొదటి వారం చప్పగా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. మూడో వారానికి నాలుక దారికి వచ్చి, ఓట్స్‌కు దానిదైన తీపి ఉందని తెలిసింది. పీచును ఒక్కసారిగా పెంచకు, కడుపు ఉబ్బరిస్తుంది, నీళ్లు బాగా తాగు. నీ మందుల సంగతి, తిన్న రెండు గంటల తరువాత చక్కెర ఎంత ఉందన్న సంగతి డాక్టరు గారితో మాట్లాడు, అది నేను చెప్పవలసినది కాదు.

అలమారలో పెట్టిన ఆ మూడు డబ్బాలనూ ఇవాళే బయటికి తీసి, ఒక్కొక్క దాని వెనక ఉన్న మొదటి మూడు పదార్థాల పేర్లూ, 100 గ్రాములకు చక్కెర, పీచు ఎంతెంత ఉన్నాయో ఒక కాగితం మీద రాసి నాకు పంపు. ఉంచుకోదగినది అందులో ఒకటైనా ఉంటే చూసి చెబుతాను.

నీ స్నేహితుడు