కోట దగ్గరే ఆగిపోకండి, ఆ చెట్ల దాకా నడవండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ప్రయాణాల పేజీ నేను వదలకుండా చదువుతాను. విదేశీ కోటల గురించి రాసినప్పుడల్లా గోడలు, రాజులు, యుద్ధాలు అన్నీ వస్తాయి గానీ కోటను ఆనుకుని ఉన్న పాత అడవి గురించి ఒక్క ముక్క కూడా ఉండదు. అది నాకు బాధగా ఉంది, అందుకే ఈ ఉత్తరం.

కిందటేడు స్కాట్లాండ్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు గ్లాస్గోకి దగ్గర్లోని హ్యామిల్టన్‌లో కాడ్జో కోట చూశాం. ఏవన్ అనే ఏరు లోతుగా కోసుకుపోయిన లోయ, దాని మీద వంతెన, అది దాటితే కోట. 16వ శతాబ్దం మొదటి సగంలో కట్టారు, 1579లో పడగొట్టారు, ఇప్పుడు మిగిలిన గోడల్ని బయట నుంచే చూడాలి. పది నిమిషాల్లో అయిపోయింది. వెనక్కి తిరగబోతుంటే మా అమ్మాయి "ఇంకొంచెం నడుద్దాం నాన్నా" అంది.

ఆ కొంచెం దూరంలోనే ఉన్నాయి కాడ్జో ఓక్ చెట్లు. అడవి అంటే నేను చిక్కగా, చీకటిగా ఉంటుందనుకున్నాను. ఇక్కడ గడ్డి నేల మీద ఒక్కో చెట్టు విడివిడిగా, పొట్టిగా, మాను మాత్రం ఇద్దరు ముగ్గురు చేతులు చాపినా అందనంత లావుగా, బెరడంతా బొడిపెలతో నిలబడి ఉంది. పశువులో జింకలో కింద మేసే వేట వనాల్లో చెట్లు ఇలాగే పెరుగుతాయట, పక్క చెట్టుతో పోటీ లేదు కాబట్టి పైకి కాకుండా అడ్డంగా. 12వ శతాబ్దంలో మొదటి డేవిడ్ రాజు నాటించాడని అక్కడ చెప్పుకుంటారు గానీ వలయాలు లెక్కపెట్టినవాళ్లు 15వ శతాబ్దం నాటివని తేల్చారు. అదైనా తక్కువా? 1568లో స్కాట్లాండ్ రాణి మేరీ చెర నుంచి తప్పించుకుని ఈ కోటకు వచ్చేనాటికే ఇవి ఎదిగిన చెట్లు! తర్వాత ఈ కోట యజమానులైన హ్యామిల్టన్ ప్రభువులు కట్టుకున్న పెద్ద భవనం కింద బొగ్గు తవ్వకాలతో నేల కుంగి, 1920ల్లో దాన్ని కూల్చేశారు. చెట్లు మాత్రం ఉన్నాయి.

చాలా మానుల్లో చేవంతా పోయి పెద్ద తొర్రలే మిగిలాయి. చచ్చిపోతున్నాయేమో అనుకున్నాను, కాదట. లోపలి చేవను బూజు, పుట్టగొడుగులు తినేసినా ప్రాణం ఉండేది బెరడు కిందే, పైకొమ్మలు ఎండిపోతే చెట్టు కింది కొమ్మలతో కొత్త తల కట్టుకుని ఇంకో వందేళ్లు బతకగలదు. విరిగి పడిన కొమ్మల్నీ అక్కడే వదిలేస్తారు, ఎందుకంటే ఆ పుచ్చు కర్రలోనే పురుగులు పెరుగుతాయి, తొర్రల్లో గబ్బిలాలు, పిట్టలు ఉంటాయి. బ్రిటన్‌లో ఓక్ చెట్ల మీద ఆధారపడే జీవజాతులు 2,300 పైనే.

ఇంత చదివి ఎవరైనా వెళ్తే ఒక్కటి అడుగుతాను. మేం ఉండగానే ఒక కుటుంబం ఫొటో కోసం పిల్లల్ని తొర్రలోకి ఎక్కించింది, పుచ్చిన చెక్క పొడిపొడిగా రాలింది. వాళ్లకు తెలియక చేశారు, నేనూ అంతకు ముందే ఒక మాను చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. ఓక్ సన్న వేళ్లు చాలావరకు పైమట్టిలోనే ఉంటాయని, మనం తొక్కితే ఆ మట్టి గట్టిపడి నీరూ గాలీ దిగవని తర్వాత మా అమ్మాయి చెప్పింది. దారి మీద నుంచే చూడండి, అక్కడి నుంచి కూడా అంతా కనిపిస్తుంది. ఆకులు రాలిపోయాక వెళ్తే కొమ్మల వంకర్లన్నీ ఇంకా బాగా కనిపిస్తాయి.

సంపాదకులవారూ, ఈసారి ఏ కోట గురించి వేసినా, రాసేవాళ్లను పక్కనున్న చెట్ల దగ్గరికి కూడా ఓసారి వెళ్లి రమ్మనండి.

ఇట్లు,
మీ పాఠకుడు