తెరచాప బోట్లు వచ్చాయి, కానీ ముందు చెరువు దగ్గరికి రండి

బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం వైపు నుంచి మన షాపుకి వచ్చే అందరికీ నమస్కారం. రిమోట్ తెరచాప బోట్ల స్టాకు వచ్చిందా అని రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు కాబట్టి అందరికీ ఒకేసారి చెప్పేస్తున్నాను. వచ్చింది. అయితే డబ్బులిచ్చిన వెంటనే పెట్టె చేతికివ్వను. ఒక ఆదివారం చెరువు దగ్గరికొచ్చి రిమోట్ పట్టుకుని చూడండి, ఆ తర్వాత కూడా కావాలనిపిస్తేనే బిల్లు.

"వ్యాపారం చేసేవాడు ఇలా మాట్లాడతాడా అన్నయ్యా" అని మా తమ్ముడు గొణుగుతూనే ఉన్నాడు. కానీ మొదటి లాటులో తీసుకెళ్లినవాళ్లలో కొందరు వారం తిరక్కుండానే వెనక్కి తెచ్చారు. ఒకాయనైతే మోటార్ పనిచేయట్లేదని తెచ్చారు. దీనికి బోటుని తోసే మోటారే లేదండీ! లోపల రెండు సర్వోలు, అంటే రిమోట్ చెప్పినట్టు కదిలే చిన్న మరలు, ఉంటాయి, ఒకటి చుక్కాని తిప్పుతుంది, రెండోది తెరచాపల తాడు లాగుతుంది. మిగతాదంతా గాలి చూసుకుంటుంది. గాలి లేకపోతే బోటు నీళ్ల మధ్యలో నిలబడుతుంది, మనం గట్టు మీద నిలబడతాం. రిమోట్ కారు నడిపిన చేతులకి ఇది మొదట్లో విసుగే, దాచడం దేనికి.

నేర్చుకునేవాళ్లందరూ తెల్లమొహం వేసేది రెండు చోట్ల. రిమోట్ మీది తెరచాప స్టిక్ కిందికి లాగితే సర్వో తాడుని లోపలికి లాగుతుంది, పైకి తోస్తే తాడు వదులవుతుంది, అంతవరకే దాని పని, ఆ వదులైన తాడు మేరకు తెరచాపని బయటికి తోసేది గాలే, అందుకే షాపులో టేబుల్ మీద పెట్టి స్టిక్ ఆడించి "ఇది బయటికి రావట్లేదు, ఖరాబు పీస్" అంటే నేను చేసేదేమీ లేదు. రెండోది, బోటు మనకి దూరంగా వెళ్తున్నప్పుడు కుడి అంటే కుడే, తిరిగి మనవైపు వస్తున్నప్పుడు అది మన ఎడమైపోతుంది, అందరూ సరిగ్గా గట్టు దగ్గరే గుద్దేది ఇందుకే. బోటు ఎటు వెళ్తోందో మీరూ అటే ఒళ్లు తిప్పి, భుజం మీదుగా వెనక్కి చూస్తూ నడపండి, కొన్నాళ్లకి ఆ అవసరం పోతుంది.

ఇక ఎదురుగాలి. గాలి వచ్చే దిక్కుకి అటు సుమారు 45 డిగ్రీలు, ఇటు 45 డిగ్రీలు, ఆ మేరలో ఈ బోటు ముందుకి పోదు, నేరుగా గాలికి ఎదురుగానైతే ఏ తెరచాప బోటూ పోదు, ఎంత ఖరీదైనదైనా సరే. అటువైపు వెళ్లాలంటే తప్తపాణి ఘాటీ ఎక్కే బస్సులాగా మెలికలు తిరుగుతూ పోవాలి. మలుపు దగ్గర వేగం లేకుండా చుక్కాని తిప్పితే ముక్కు సరిగ్గా గాలికి ఎదురుగా ఆగిపోతుంది, తెరచాపలు టపటపా కొట్టుకుంటాయి, ఇక అందరూ చుక్కాని అటూ ఇటూ తెగ ఆడిస్తారు. ఆడించకండి. తాడు వదిలేసి కాసేపు ఆగితే ముక్కు ఏదో ఒక పక్కకి వాలుతుంది, అప్పుడు నెమ్మదిగా తాడు లాగండి. అసలు తాడు బిగించి ఉంచడమే చాలామందికి అలవాటు, బిగిస్తే బోటు పక్కకి ఒరుగుతుంది తప్ప ముందుకి పోదు. తెరచాప ముందు అంచు వణికేదాకా వదిలి, వణుకు ఆగేంత మాత్రమే లాగాలి.

గోపాల్‌పూర్ నుంచి మనవడికి కారు కొనడానికి వచ్చిన పెద్దాయన ఒకరు, మన వాడబలిజలే, వయసులో తెరచాప తెప్ప మీద వేటకెళ్లిన మనిషి, ఓ ఆదివారం చెరువు దగ్గర నిలబడి మా కుర్రాళ్లని చూసి "గాలికి ఎదురెట్టేస్తే ఏటవుద్ది బావూ, ఓరగా తీసుకెళ్లాల" అన్నారు. రిమోట్ చేతికిస్తే స్టిక్‌లతో తికమక పడ్డారు గానీ, గాలి ఎప్పుడు మారబోతోందో నీళ్ల మీద నలుపు చూసి మా అందరికంటే ముందే చెప్పారు. ఆయన్ని మళ్లీ రమ్మని పిలిచాను, వస్తే మీ అదృష్టం.

సముద్రంలో వేయొచ్చా అని అడుగుతున్నారు. వద్దు. చిలిక సరస్సులో కూడా వద్దు, అక్కడివీ ఉప్పు కలిసిన నీళ్లే. సర్వోలోకి, సెల్స్ కాంటాక్టుల్లోకి ఉప్పునీళ్లు పోతే తుప్పే, దానికి నేను మార్చి ఇవ్వను. మంచినీళ్ల చెరువు, నాచు తక్కువ, మోకాలి కంటే లోతు, ఎందుకంటే అడుగున సీసం గుండు ఉన్న కీల్, అంటే బోటు కింద ఉండే రెక్క, కిందికి దిగి ఉంటుంది. ఆ సీసం వల్లే బోటు ఎంత ఒరిగినా మళ్లీ లేస్తుంది. గాలి ఏ గట్టు వైపు కొడుతోందో ఆ గట్టు మీదే మీరు ఉండండి, సెల్స్ అయిపోయినా బోటు కొట్టుకుని మీ దగ్గరికే వస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం సముద్రం గాలి ఎక్కాక పెద్ద తెరచాపలు తీసేసి చిన్న సెట్టు వేయాలి, అది విడిగా కొనుక్కోవాలి, ముందే చెప్తున్నాను.

కార్తీక పున్నమికి బొయితొ బందాణొకి, అంటే ఒడియావాళ్ల పడవలు వదిలే పండగకి, కావాలని బుకింగ్‌కి వచ్చినవాళ్లని వెనక్కి పంపాను. ఆ తెల్లవారుజామున చెరువంతా దీపాలు, అరటి దొప్పలు, కాగితం పడవలు ఉంటాయి, అన్నీ చుక్కానికి చుట్టుకుంటాయి. పోలి పాడ్యమికైనా అంతే. ఆ రోజులకి షోలా (బెండు) పడవలు మన దగ్గరే తక్కువ ధరకి ఉన్నాయి, అవి తీసుకోండి.

ధర 25 వేలకు అటూ ఇటూ. ఎక్కువే. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది, అప్పటి నుంచి ఇలాంటి సరుకు తెప్పించాలంటే నాలాంటి చిన్న షాపులకి టెన్షనే. ఇందులో నాకు మిగిలేది రిమోట్ కార్ల మీద మిగిలేదాని కంటే తక్కువ. ఇవి 65 సెంటీమీటర్లవి. మీటరు పొడవువి, ప్రపంచ పోటీల్లో నడిపే ఐఓఎం (ఇంటర్నేషనల్ వన్ మీటర్) క్లాసువి, అడిగినవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు, అవి ఇప్పట్లో తేను, అంత డబ్బు ఇరికించుకోలేను.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి షాపు ముందు నుంచి బయల్దేరతాం. నేర్పినందుకు డబ్బులేమీ తీసుకోను, సెల్స్ నేనే తెస్తాను. పిల్లలతో పెద్దవాళ్లు ఒకరు కచ్చితంగా ఉండాలి, చెరువు లోతుగా ఉంది. వాన పడినా గాలి లేకపోయినా పొద్దున్నే మెసేజ్ పెడతాను, అది చూసుకుని బయల్దేరండి.