కంప్యూటర్ కూలర్ మార్చమనే ముందు విప్పి చూపండి

సంపాదకులకు,

కొత్తగూడెంలో డీటీపీ షాపు నడుపుతున్నాను. మే నెలలో పెళ్లిపత్రికల పని మధ్యలో కంప్యూటర్ పదేపదే ఆగిపోయింది. కంప్యూటర్‌లోని ప్రధాన చిప్ అయిన ప్రాసెసర్ వేడి 98 డిగ్రీలు! రిపేరు షాపులో ఇంటెల్ ప్రాసెసర్‌తో వచ్చిన కూలర్ (దాన్ని చల్లబరిచే ఫ్యాన్) పనికిరాదని, రూ.2,800 పెట్టి పెద్దది వేయించుకోమన్నారు. ఒకరోజు ఆగి నేనే విప్పాను. ఫ్యాన్ కింద దుమ్ము అట్టకట్టి గాలి దూరే సందే లేదు. ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేరవేసే థర్మల్ పేస్ట్ ఎండి పెచ్చులు రాలుతోంది. కూలర్‌ను బిగించే నాలుగు పిన్నుల్లో ఒకటి మదర్‌బోర్డులోకి దిగనే లేదు. బ్రష్‌తో దులిపి, పాత పేస్ట్ తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెట్టి, పిన్నులు టక్కుమనేదాకా నొక్కాను. ఖర్చు రూ.200. అదే పనికి ఇప్పుడు 74 డిగ్రీలు. గంటల తరబడి వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు పెద్ద కూలర్ అవసరమే. టైపింగ్ చేసుకునేవాళ్లతో అంత ఖర్చు పెట్టించడం అన్యాయం. రిపేరు చేసేవాళ్లు ముందు విప్పి, లోపలి దుమ్ము మాకు చూపించి, ఆ తర్వాతే ధర చెప్పాలి.

- ఒక డీటీపీ ఆపరేటర్, కొత్తగూడెం